విషాదం కలిపిన వంట

రేవుపాలెంలోని డెల్టా కాలువల పూడికతీత మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఉద్యోగులు సంతోషంగా లేరన్న సంగతి ఆ ఏడాది వార్షిక సమీక్షలో బయటపడింది. అంతకుముందు కూడా వాళ్లు సంతోషంగా లేరు గానీ, దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టలేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. ఈసారి పెట్టారు. పూడిక తియ్యాల్సిన కాలువలు నూటపద్దెనిమిది, తీసినవి మూడు. కారణమేమిటని పైనుంచి అడిగితే ప్రాంతీయ సంచాలకుడు వైకుంఠరావు రెండు రోజులు ఆలోచించి, ‘సిబ్బందిలో నెలకొన్న నిరుత్సాహము’ అని రాసి పంపాడు. యంత్రాలు రెండేళ్లుగా షెడ్డులో పడి ఉన్నాయని కూడా రాయవచ్చు. అలా రాస్తే యంత్రాలకు బాధ్యులెవరన్న ప్రశ్న వస్తుంది. నిరుత్సాహానికి ఎవరూ బాధ్యులు కారు.

పైవాళ్లు ఆ జవాబు చదివి, నిరుత్సాహ నివారణకు తీసుకున్న చర్యలేమిటో పదిహేను రోజుల్లో తెలియజేయమన్నారు. అప్పుడు వైకుంఠరావు పెద్దాసుపత్రి నుంచి మానసిక వైద్యురాలు డాక్టర్ సుహృతను పిలిపించి మీటింగు హాల్లో ఉపన్యాసం పెట్టించాడు.

ఆ ఉపన్యాసాన్ని చివరిదాకా శ్రద్ధగా విన్నది ఒక్క పళ్లాలమ్మ. ఆమె ఆ ఆఫీసు క్యాంటీనులో పందొమ్మిదేళ్లుగా వంట చేస్తోంది. టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని హాలు వెనక తలుపు దగ్గర నిలబడి, టీ చల్లారిపోతున్నా కదలకుండా విన్నది. డాక్టరమ్మ చిన్న గొంతుతో, తొందర లేకుండా చెప్పింది. వేళకు తినడం, ఆకుకూరలు, పప్పులు, చేపలు, పెరుగు, పళ్లు తినడం మనసుకు కొంత మేలు చేస్తుందని, పస్తులుండి ఎప్పుడో ఏదో దొరికింది తింటే చిరాకు పెరుగుతుందని చెప్పింది. అయితే తిండి ఒక్కటే అన్నిటికీ మందు కాదని, కంటినిండా నిద్ర కావాలని, మాట్లాడుకోవడానికి మనిషి కావాలని, దిగులు ముదిరితే వైద్యం చేయించుకోవాలని కూడా చెప్పింది. పళ్లాలమ్మకు ఇందులో కొత్త సంగతేమీ కనిపించలేదు గానీ, తనకు తెలిసిన విషయం అంత చదువుకున్న మనిషి నోట వినడం బాగుందనిపించింది.

ఉపన్యాసం సారాంశం రాసే పని సూపరింటెండెంటు ఆదిశేషయ్యది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన రాసిన కాగితం ఏదీ పైనుంచి వెనక్కి తిరిగి రాలేదు. ఆయన డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టే రాసి వైకుంఠరావు ముందు పెట్టాడు. పళ్లాలమ్మ అప్పుడు వాళ్ల టీ కప్పులు తీసుకెళ్లడానికి వచ్చింది.

“‘కొంత మేలు’ అని రాశారు. కొంత అంటే ఎంత?” అని అడిగాడు వైకుంఠరావు.

“ఆవిడ చెప్పలేదండి.”

“గ్రాముల్లోనో శాతాల్లోనో చెప్పలేనప్పుడు ఆ మాట ఎందుకు? తీసెయ్యండి.”

ఆదిశేషయ్య ‘కొంత’ కొట్టేశాడు. నిద్ర, మనిషి, వైద్యం అన్న వాక్యాన్ని ‘ప్రస్తుత విషయమునకు సంబంధించనిది’ అని ఆయనే స్వయంగా కొట్టేశాడు. మిగిలిన దానితో మర్నాడు సర్క్యులర్ తయారైంది.

‘ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఆహారము మనసుకు మేలు చేయునని నిపుణులచే నిర్ధారించబడినందున, సోమవారము నుండి సిబ్బంది మానసిక స్థితి క్యాంటీను ద్వారా నిర్వహించబడును. సదరు ఆహారము స్వీకరించిన ప్రతి ఉద్యోగి మధ్యాహ్నము రెండున్నర గంటలకల్లా ఉత్సాహము పొందవలెను.’

పథకానికి ‘మనోపోషణ’ అని పేరు పెట్టారు. ఆదిశేషయ్య ఆహార–మనోభావ సమన్వయాధికారి అయ్యాడు. ఏడో తరగతి దాకా చదివిన పళ్లాలమ్మ మనోపోషణ క్షేత్రస్థాయి నిర్వాహకురాలైంది. వంటింటి గుమ్మం మీద బోర్డు కూడా పెట్టారు. వంగి లోపలికి వెళ్లినా అది నుదుటికి తగిలేది.

ఏ సెక్షనుకు ఏ భావం అవసరమో ఆదిశేషయ్య పట్టిక వేశాడు. అర్జీల సెక్షనుకు ఓర్పు కావాలి కాబట్టి మజ్జిగ. డ్రాయింగు బ్రాంచికి జ్ఞాపకశక్తి కావాలి కాబట్టి చేపలు. ‘శాకాహారులు అవిసెగింజలను చేపగా భావించి స్వీకరించవలెను’ అని కింద గమనిక. తనిఖీ విభాగానికి ధైర్యం అవసరం కాబట్టి గుడ్లు. సంచాలకులవారికి నిర్ణయశక్తి నిమిత్తం అక్రోట్లు. పచ్చళ్లు ఉద్వేగకారకాలని నిషేధించారు. రెండో వారానికల్లా రికార్డు రూములో పందొమ్మిది వందల తొంభై నాటి కాలువ మ్యాపుల వెనక ఆవకాయ జాడీ వెలిసింది. తనిఖీ విభాగం వాళ్లు, అప్పటికే రెండేసి గుడ్లు తిని ఉండడం వల్ల, ఎంతో ధైర్యంగా ఆ గదిలోకి వెళ్లి, వేళ్లు నాక్కుంటూ బయటికి వచ్చి అక్కడేమీ లేదని నివేదిక ఇచ్చారు.

రోజూ రెండున్నరకి మనోస్థితి పట్టిక తిరిగేది. అందులో ఐదు ముఖాల బొమ్మలుంటాయి. మొదటిది పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉంటుంది, ఐదోది ఏడుస్తూ ఉంటుంది. ఎవరి పేరు ఎదుట వాళ్లు తమ ముఖానికి టిక్కు పెట్టాలి. మొదటివారం జనం కాస్త ఆలోచించి పెట్టారు. తరవాత్తరవాత పొద్దున్నే ఆఫీసుకు రాగానే, భోజనానికి ముందే, మొదటి ముఖానికి టిక్కు పెట్టేసి పనిలో పడేవారు. నెల తిరిగేసరికి రేవుపాలెం ఆఫీసులో ఆనందం తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు శాతానికి చేరింది.

మిగిలిన ఒకటి పాయింట్ ఆరు శాతం భీమశంకరం.

అరవై నలుగురిలో అతనొకడు. అర్జీల సెక్షనులో, వచ్చిన కాగితాలకు నంబర్లు వేసే సీటు. నలభై ఎనిమిదేళ్లుంటాయి. మూడు నెలల కింద అతని భార్య కుసుమ జ్వరంతో ఆసుపత్రిలో చేరి నాలుగు రోజుల్లో పోయింది. పిల్లల్లేరు. పదకొండో రోజు దాటాక అతను ఆఫీసుకు వచ్చాడు, అందరిలాగే నంబర్లు వేశాడు. అయితే క్యాంటీనుకు రావడం మానేశాడు. వచ్చినా కంచంలో అన్నాన్ని అటూ ఇటూ జరిపి చెయ్యి కడుక్కునేవాడు. పళ్లాలమ్మ కంటికి ఈ సంగతి పథకానికి ముందే పడింది. ఒక మనిషి చొక్కా మెడ దగ్గర వదులవుతుంటే వంట చేసేవాళ్లకు ముందు తెలుస్తుంది. అతనికి ఇష్టమని ఓసారి చారు విడిగా కాచి ఇచ్చింది. అతను ‘బావుంది అక్కా’ అని రెండు గుక్కలు తాగి వదిలేశాడు.

అబద్ధం టిక్కు పెట్టడం భీమశంకరానికి చేతకాలేదు. రోజూ నాలుగో ముఖం దగ్గర టిక్కు పెట్టేవాడు. ఏడవడంలేదు కాబట్టి ఐదోది పెట్టేవాడు కాదు.

ఇదే పట్టిక తనూ మొదలుపెట్టిన పొరుగు ప్రాంతీయ కార్యాలయం ఆనందంలో నూరు శాతానికి చేరిందని తెలిసిన రోజు వైకుంఠరావు అక్రోట్లు తినకుండానే నిర్ణయం తీసుకున్నాడు. భీమశంకరానికి ప్రత్యేక ఆహారం మంజూరు చేశాడు. ఉదయం అరటిపళ్లు రెండు, అక్రోట్లు గుప్పెడు, మధ్యాహ్నం పాలకూర, చేప, పెరుగు, మళ్లీ మూడింటికి అరటిపండు. తిన్నాడని ధ్రువీకరించడానికి ఎదురుగా ఒక సాక్షి కూర్చుని, ముద్ద ముద్దకీ చూసి, చివర్లో సంతకం చెయ్యాలి. భీమశంకరం ఎదురు చెప్పే మనిషి కాడు. పెట్టినవన్నీ నమిలి మింగాడు. నాలుగో రోజు అతనికి కడుపులో గడబిడ మొదలై, ఐదో ముఖానికి టిక్కు పెట్టాడు.

అదే వారం కుసుమ మూడో మాసికం వచ్చింది. ఒకరోజు సెలవు కావాలని అర్జీ పెట్టుకున్నాడు. తన అర్జీకి తనే నంబరు వేసుకున్నాడు. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది.

‘సదరు దినమున మెనూ ప్రకారము అర్జీదారునికి ఉత్సాహము నిర్ధారించబడి ఉన్నందున, దుఃఖ నిమిత్తము సెలవు మంజూరు చేయుటకు వీలుపడదు. అర్జీదారుడు కోరినచో మెనూ మార్పుకై పదిహేను రోజుల ముందు దరఖాస్తు చేసుకొనవచ్చును.’

ఆ కాగితం చేత్తో పట్టుకుని అతను వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. ఎందుకొచ్చాడో అతనికే తెలిసినట్టు లేదు. పళ్లాలమ్మ కాగితం తీసుకుని కూడబలుక్కుని చదివింది. చదివి, చేతులు తుడుచుకుని, తిన్నగా ఆదిశేషయ్య గదికి వెళ్లింది. ఆ గదిలోకి ఆమె టీ లేకుండా వెళ్లడం అదే మొదలు.

శంకరంగారికి ఒంట్లో కాదు, మనసులో బాగాలేదని, పెద్దాసుపత్రిలో ఆ డాక్టరమ్మగారి దగ్గరికి ఒకసారి పంపించమని ఆమె అడిగింది. ఆదిశేషయ్య కోప్పడలేదు. కుర్చీలో వెనక్కి వాలి ఓపిగ్గా చెప్పాడు. పథకం అమల్లో ఉండగా ఉద్యోగిని బయట వైద్యానికి పంపిస్తే మెనూ విఫలమైందని కార్యాలయం ఒప్పుకున్నట్టవుతుందని, మెనూ విఫలమవడానికి వీల్లేదని, అది ఆమోదం పొంది ఉందని చెప్పాడు.

“మరి మనిషి ఎండిపోతన్నాడండి,” అంది పళ్లాలమ్మ.

ఆదిశేషయ్య కుర్చీలో ముందుకు వంగాడు. ఆ మాటతో ఆయనకొక దారి కనిపించింది. మెనూ తప్పు కాకపోతే, తిన్నవాడు సాక్షి సంతకంతో సహా తిని ఉంటే, మధ్యలో మిగిలింది వంట.

రెండు రోజుల తరవాత పళ్లాలమ్మకు మెమో అందింది. ఆమోదిత పదార్థములను ఆమోదిత పరిమాణములలో ఇచ్చినప్పటికీ భీమశంకరము అను ఉద్యోగియందు విచారము కొనసాగుచున్నందున, సదరు వంటయందు ఉద్దేశపూర్వకముగా గానీ అజాగ్రత్త వలన గానీ విషాదము కలిసినట్లు అనుమానించబడుచున్నదని, ఏడు రోజులలో సంజాయిషీ ఇచ్చి విచారణకు హాజరు కానిచో విధుల నుండి తొలగింపబడునని అందులో ఉంది. పళ్లాలమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. పందొమ్మిదేళ్లలో ఆమె వంటలో వెంట్రుక వచ్చిందన్నవాళ్లున్నారు, రాయి తగిలిందన్నవాళ్లున్నారు. విషాదం తగిలిందన్నవాళ్లు లేరు. ఆ రాత్రి ఇంట్లో కూర తిరగమోత పెడుతూ, నిజంగానే తన చేతిలో ఏదైనా తేడా వచ్చిందా అని ఒక్క క్షణం అనుమానపడింది. గరిటెతో అరచేతిలో వేసుకుని రుచి చూసింది. కూర కూరలాగే ఉంది. ఆమెకు భర్త పోయి పన్నెండేళ్లయింది, ఉన్న ఆధారం ఆ ఉద్యోగమే.

సంజాయిషీ ఎలా రాయాలో తెలియక ఆమె తిరుగుతుండగా గురువారం వచ్చింది. ఆ రోజు పైనుంచి వస్తున్న పర్యవేక్షక బృందం కోసం మీటింగు హాల్లో ‘ఆనంద వంటకముల ప్రదర్శన’ పెట్టారు. దాని కోసం వంటింట్లో ఉన్న రెండు గ్యాస్ సిలిండర్లూ హాలుకు మోయించుకుపోయారు. పర్యవేక్షక బృందం రాలేదు. సిలిండర్లు మాత్రం ప్రదర్శనలోనే ఉండాలన్నారు. అందుచేత క్యాంటీనులో వంట లేదు. జనం బజారు హోటళ్లకు పోయి, చాన్నాళ్లకు పచ్చడి వేసుకుని తిన్నారు.

భీమశంకరం వెళ్లలేదు. పళ్లాలమ్మ వంటింటి వెనక అరుగు మీద చాప వేసుకుని మర్నాటికి గోరుచిక్కుళ్లు బాగు చేస్తోంటే, అలవాటు చొప్పున భోజనాల వేళకు అటు వచ్చాడు. వంట లేదని చెప్పింది. అతను తల ఊపి, వెళ్లకుండా, చాప అంచున కూర్చున్నాడు. కాసేపటికి చెయ్యి చాపి ఒక కాయ తీసుకున్నాడు. ఈనె తీసి, చివళ్లు గిల్లి, నాలుగు ముక్కలు చేసి గిన్నెలో వేశాడు. ఇంకొకటి తీసుకున్నాడు. మగవాడి చెయ్యి అంత చకచకా ఆడడం చూసి ఆమె ఆశ్చర్యపోయింది.

“ఎవరు నేర్పేరండి?” అని అడిగింది.

“కుసుమ,” అన్నాడు.

ఇంకో కాయ అందుకున్నాడు. ఆమె కాయల కుప్పను అతని వైపు జరిపింది. గిన్నె సగం నిండాక అతనే మొదలుపెట్టాడు. పెళ్లయిన కొత్తలో కుసుమ తనకు చిక్కుళ్లు ఇచ్చి స్నానానికి వెళ్లిందని, తను ముక్కలన్నీ చెత్తబుట్టలో వేసి చివళ్లన్నీ గిన్నెలో పెట్టాడని, ఆమె బయటికి వచ్చి చూసి ఏమీ అనకుండా ఆ చివళ్లనే పోపు వేసి కంచంలో పెట్టిందని చెప్పాడు.

“తిన్నారా?”

“తిన్నాను. బావుందని కూడా అన్నాను.”

అలా అంటూ అతను నవ్వాడు. వెంటనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నవ్వు పోలేదు, నీళ్లు ఆగలేదు. పళ్లాలమ్మ తలొంచుకుని కాయలు గిల్లుతూ ఉండిపోయింది. ఆసుపత్రిలో ఆ నాలుగు రోజులు, ఆఖరికి కుసుమ మంచినీళ్లు అడిగితే నర్సును అడిగి వస్తానని తను బయటికి వెళ్లడం, తిరిగి వచ్చేసరికి ఆమె లేకపోవడం, ఇవన్నీ అతను ఎవరికీ చెప్పలేదట. ఎవరూ అడగలేదట. గంటన్నర గడిచింది. అంతకుముందు చివళ్ల సంగతి చెబుతున్నప్పుడే వరండాలోంచి వెళుతున్న ఆదిశేషయ్య అతని ముఖంలో నవ్వు చూసి, గడియారం చూసుకుని, డైరీలో ‘1.20’ అని రాసుకున్నాడు. నీళ్లు ఆయనకు అంత దూరం నుంచి కనిపించలేదు.

ఆ ఆదివారం పళ్లాలమ్మ ఎవరి అనుమతీ అడగలేదు. ఆటో మాట్లాడుకుని భీమశంకరాన్ని డాక్టర్ సుహృత ఇంటి దగ్గర క్లినిక్కుకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ ముప్పావుగంట వింది. రాత్రి నిద్ర పట్టడానికి చిన్న మాత్ర రాసింది. రెండు వారాలకోసారి వచ్చి మాట్లాడమంది. అక్రోట్లు మానెయ్యనా అని అతను అడిగితే, తినాలనిపిస్తే తినమని, అయితే ఒక్కరే కూర్చుని తినొద్దని చెప్పింది. తను ఆ ఆఫీసులో ఇచ్చిన ఉపన్యాసం ఏమైందని పళ్లాలమ్మను అడిగింది. పళ్లాలమ్మ రవికలోంచి మెమో తీసి ఇచ్చింది. డాక్టరమ్మ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివి, విచారణకు తనూ వస్తానంది.

విచారణ మంగళవారం జరిగింది. వైకుంఠరావు మధ్యలో, పక్కన ఆదిశేషయ్య, ఎదురుగా నిలబడి పళ్లాలమ్మ. భీమశంకరం సాక్షి. అతను లేచి, తన భార్య చనిపోయినందువల్ల తను బాధపడుతున్నానని, వంటకూ దానికీ సంబంధం లేదని చెప్పాడు. వైకుంఠరావు సానుభూతిగా విని, భార్య మరణం కార్యాలయం పరిధిలోకి రాదని, భోజనం వస్తుందని, పరిధిలో ఉన్న కారణం చెప్పమని అన్నాడు. డాక్టర్ సుహృత లేచి, తిండి కొంత మేలు చేస్తుందని మాత్రమే తను అన్నానని చెప్పింది. ఆదిశేషయ్య సారాంశం తీసి చూపించాడు. అందులో ‘కొంత’ లేదు. ఉన్న కాగితానికీ చెప్పిన మనిషికీ తేడా వచ్చినప్పుడు కాగితాన్నే ప్రమాణంగా తీసుకోవడం కార్యాలయ సంప్రదాయమని వైకుంఠరావు ఆమెకు మర్యాదగా వివరించాడు.

తరవాత అసలు విషయానికి వచ్చారు. గత గురువారం మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై నిమిషాలకు భీమశంకరం నవ్వినట్టు రికార్డులో ఉంది. మూడు నెలల్లో అదే మొదటి నవ్వు.

“ఆ రోజు అతనికి ఏం పెట్టావు?” అని అడిగాడు వైకుంఠరావు.

“ఏం పెట్టలేదండి.”

“సరిగ్గా గుర్తు చేసుకో.”

“గుర్తుందండి. గేసు తవరే పట్టుకుపోయారండి. పొయ్యి ఎలిగించలేదు. కూచున్నాం. ఆరు ఆరి ఇంటావిడ గురించి చెప్పుకున్నారు, నేను ఇన్నాను. అంతేనండి.”

వైకుంఠరావు, ఆదిశేషయ్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆదిశేషయ్య కలం తీసి, ఆమె చెప్పిన దాంట్లో ప్రస్తుత విషయానికి సంబంధించిన భాగం మాత్రం రాసుకున్నాడు. పళ్లాలమ్మకు దూరం నుంచి కూడా ఆ అక్షరాలు కనిపించాయి. ‘ఏమీ పెట్టలేదు.’

శుక్రవారం సర్క్యులర్ వచ్చింది. విషాదము కలిపినదను అభియోగము రద్దు చేయడమైనదని, పైగా సదరు నిర్వాహకురాలు తనకు తెలియకనే ఒక శాస్త్రీయ ఫలితమును సాధించినదని, ఇకపై ప్రతి గురువారము క్యాంటీనులో వంట చేయరాదని, దీనిని ‘శూన్యాహార గురువారము’గా పాటించవలెనని అందులో ఉంది. ఆ రోజున ఏయే పదార్థాలు వండలేదో పళ్లాలమ్మ సాయంత్రంలోగా జాబితా సమర్పించాలి. మొదటి వారం ఆమె పప్పు, కూర, చారు అని రాసిచ్చింది. జాబితా అసంపూర్ణంగా ఉందని తిరిగి వచ్చింది. పులిహోర, బొబ్బట్లు, గుత్తివంకాయ కూడా ఆమె ఆ రోజు వండలేదు కదా అని అడిగారు. ఆమె అవీ చేర్చింది.

మొదటి గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు జనానికి ఏం చెయ్యాలో తోచలేదు. హోటళ్లకు వెళ్లకూడదన్నారు. ఒకరిద్దరు వంటింటి వెనక్కి వచ్చారు. పళ్లాలమ్మ మర్నాటి గోంగూర కట్టలు ముందు వేసుకుని కూర్చుంది, భీమశంకరం ఆకులు దూస్తున్నాడు. వచ్చినవాళ్లు ఊరికే నిలబడలేక తలా ఒక కట్ట తీసుకున్నారు. మూడో గురువారానికి అరుగు చాలక నాలుగు చాపలు అదనంగా పరిచారు. ఒకరి కొడుకు పరీక్ష తప్పిన సంగతి, ఒకరి మోకాళ్ల నొప్పి, ఒకరికి ఇంట్లో అత్తగారితో పడే పాట్లు, అన్నీ గోంగూరతో పాటు బయటపడ్డాయి. పొక్లెయినరు డ్రైవరు, షెడ్డులో యంత్రానికి కావలసింది ఒక్క బెల్టేనని, రెండేళ్లుగా తననెవరూ అడగలేదని చెప్పాడు. పక్కనే కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్న స్టోరు గుమాస్తా అలాంటి బెల్టులు తన బీరువాలో ఆరున్నాయని, ఎందుకున్నాయో తనకు తెలియదని చెప్పాడు. మరుసటి సోమవారం యంత్రం కదిలింది. నెలలో నాలుగు కాలువల పూడిక తీశారు.

ఎనిమిదో గురువారం వైకుంఠరావే వచ్చాడు. తనిఖీకి వచ్చానన్నాడు. ఎవరో స్టూలు వేస్తే వద్దని చాప మీద కూర్చున్నాడు. పళ్లాలమ్మ ఆయన ముందు వెల్లుల్లి పళ్లెం పెట్టింది. నాలుగైదు రెబ్బలు ఒలిచాక ఆయన, తన ఇంట్లో ముగ్గురు మనుషులు మూడు వేళలకు భోంచేస్తారని, తను అన్నం తినేటప్పుడు ఎదురుగా మనిషి కూర్చుని పదేళ్లు దాటిందని, ఎవరితో అంటున్నాడో తెలియకుండా అన్నాడు. గుమాస్తా ఒకడు కాస్త జరిగి ఆయనకు నీడలోకి చోటిచ్చాడు. రెండు గంటలకు ఆయన లేచి, చేతులు వాసన చూసుకుంటూ తన గదికి వెళ్లి, పైకి నివేదిక రాశాడు. మధ్యాహ్న భోజనము నిలిపివేయుట వలన కాలువల పూడికతీత మూడు నుండి ఏడుకు పెరిగినదని, ఆకలికీ సామర్థ్యమునకూ గల సంబంధము నిస్సందేహముగా రుజువైనదని రాశాడు. ఆ వాక్యం రాయడానికి ఆయనకు మామూలుకంటే ఎక్కువ సేపు పట్టిందని, రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాడని ఆదిశేషయ్య తరవాత ఎవరితోనో చెప్పాడు.

పైవాళ్లకు నివేదిక బాగా నచ్చింది. పథకాన్ని మండలిలోని పదకొండు ప్రాంతీయ కార్యాలయాలకూ విస్తరించారు. వైకుంఠరావుకు శాలువా కప్పారు. అంతటితో ఊరుకోకుండా నిపుణుల సంఘం ఒకటి వేసి పథకాన్ని మెరుగుపరిచారు కూడా. రేవుపాలెంలో సిబ్బంది ఒకచోట చేరి కూరగాయలు బాగు చేయుచూ మాట్లాడుకొనుచున్నట్లు దృష్టికి వచ్చినదని, ఇందువలన శూన్యాహారము యొక్క స్వచ్ఛమైన ఫలితములు కలుషితమగుచున్నవని, ఇకపై గురువారములయందు ఉద్యోగులు ఎవరి సీటులో వారు విడివిడిగా, మౌనముగా ఆకలిగొనవలెనని ఆదేశించారు. వంటింటి వెనక అరుగుకు అడ్డంగా తడిక కట్టించారు. నిర్వాహకురాలు వంటింట్లోనే ఉండి వంట చేయకుండా చూచుకొనవలెను.

మౌన గురువారం మొదలైన రోజున ఆఫీసు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఫ్యాన్ల చప్పుడు వంటింట్లోకి వినిపించింది. పళ్లాలమ్మ ఆరిపోయిన పొయ్యి ఎదురుగా పీట మీద కూర్చుంది. వండని వంటల జాబితా రాయడం అయిపోయింది. ఈసారి బిరియానీ కూడా చేర్చింది. చేతులకు పని లేకపోవడం ఆమెకు ఒంట్లో బాగాలేనట్టుంది.

ఒంటిగంట దాటాక వెనక తలుపు మెల్లగా తోసుకుని భీమశంకరం వచ్చాడు. చేతిలో స్టీలు క్యారేజి ఉంది. చొక్కా మెడ దగ్గర వదులు అలాగే ఉంది గానీ గడ్డం గీసుకున్నాడు. రెండు వారాలుగా రాత్రులు కాస్త నిద్ర పడుతోందని, నాలుగింటికే మెలకువ వచ్చేస్తోందని, ఊరికే పడుకోలేక ఇవాళ పప్పు పెట్టానని గొంతు తగ్గించి చెప్పాడు.

ఈ రోజు గురువారమండి అని ఆమె గుర్తు చేసింది. తెలుసన్నాడు. మొన్న ఆ సర్క్యులర్‌కు నంబరు వేసింది తనేనన్నాడు.

ఆమె మూత తీసింది. పై గిన్నెలో అన్నం, కింది గిన్నెలో టమాటా పప్పు. అడుగంటిన వాసన వస్తోంది. పైన వేసిన పోపులో ఎండుమిరపకాయలు నల్లగా మాడాయి. కంచంలో కాస్త అన్నం పెట్టుకుని, పప్పు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. అతను నిలబడే ఆమె ముఖంలోకి చూస్తున్నాడు.

“ఉప్పు ఎక్కువైందా అక్కా?”

“ఎక్కువేనండి. పప్పు కూడా ఉడకలేదు.”

“రేపు ఇంకొంచెం సేపు ఉంచుతాను.”

“ఉంచండి. ముందు కూచోండి, ఒక్కదాన్నీ ఏం తింటాను.”

ఆమె లేచి తలుపు గడియ పెట్టింది. ఇంకో కంచం కడిగి అతని ముందు పెట్టి, ఉన్న అన్నంలో సగం, ఉన్న పప్పులో సగం వడ్డించింది. అతను పీట లాక్కుని కూర్చుని కలుపుకున్నాడు. ఉప్పుకు ఇద్దరూ మధ్య మధ్య మంచినీళ్లు తాగవలసి వచ్చింది. మారు కూడా వడ్డించుకున్నారు. గిన్నె గీకేటప్పుడు మాత్రం, మౌనానికి భంగం రాకుండా, పళ్లాలమ్మ గరిటె పక్కన పెట్టి చేత్తో తీసింది.